పదకొండు ఆస్పత్రుల మందు

కస్టమ్స్ కెమిస్టు నూరీని ఆదివారం పట్టపగలు పదిన్నరకి, మోసుల్ పాత బజారులో, పాచా హోటల్ మెట్ల మీద కాల్చారు. సైలెన్సర్ బిగించిన పిస్తోలు, రెండు గుండ్లు. లోపల గొర్రె తలకాయ పులుసులో రొట్టె ముంచుకుంటున్నవాళ్ళు ఎవరో కాలుజారి పడ్డారనుకున్నారు. పోలీసులు వచ్చి వెతికితే పర్సు ఉంది, ఫోను ఉంది, చేతి వాచీ నడుస్తూనే ఉంది. పోయింది ఒక్కటే. బొటనవేలంత గాజు సీసా.

గంట తిరగకుండా మేజర్ రాఫిద్‌కి కబురొచ్చింది. అతను పనిచేసే సెక్షన్ సెవెన్‌కి ఊళ్ళో బోర్డు లేదు. ఉన్న బోర్డు మీద ‘ఎయిర్ కూలర్ల రిపేరు’ అని ఉంటుంది. వెనక గదిలో కల్నల్ హికమత్ తలుపు గడియపెట్టి, బల్లమీద అలాంటిదే ఇంకో సీసా పెట్టాడు.

“నూరీ సరుకులోంచి ఇలాంటివి రెండు తీశాడు. ఒకటి నాకు పంపాడు. రెండోది ల్యాబ్‌కి తీసుకెళ్తుంటే చంపారు. ఇదేంటో తెలుసా?”

“కొలిస్టిన్,” అన్నాడు రాఫిద్. “మా తమ్ముడికి ఇదే ఎక్కిస్తున్నారు సార్.”

“తెలుసు. అందుకే నిన్ను పిలవాలా వద్దా అని అరగంట ఆలోచించాను. కానీ కూలర్ మెకానిక్ వేషం నీకు కుదిరినట్టు ఇంకెవరికీ కుదరదు. విను. మిగతా యాంటీబయాటిక్‌లన్నీ చేతులెత్తేశాక డాక్టర్లు వాడేది ఇది. దీని తర్వాత ఇంక అల్మరా ఖాళీ. ఈ సీసాలో మందు పదో వంతు. మిగతాది ఉప్పు.”

“నకిలీ అన్నమాట.”

“నకిలీ అయినా బావుండేది. ఉత్త ఉప్పయితే ఒక్క రోగి పోతాడు. ఇందులో కాస్త మందుంది. దాంతో క్రిములు చావవు, దెబ్బ కాచుకోవడం నేర్చుకుంటాయి. నేర్చుకున్నవి పక్క మంచానికి పోతాయి. శత్రువుకి మనమే ట్రైనింగ్ క్యాంపు నడుపుతున్నట్టు.”

ముఠా నాయకుడి పేరు కెల్నర్. అది అతని నాలుగో పేరు, ఆరో పాస్‌పోర్టు. సరిహద్దు దాటి వచ్చే అసలు మందు పెట్టెలని గోదాములో మార్చేసి, అవే లేబుళ్ళతో ఉప్పు కలిపిన ఈ నీళ్ళ మందుని ఆస్పత్రులకి వదులుతాడు. అసలుది వేరే దేశానికి పోతుంది. గురువారం మధ్యాహ్నం పన్నెండుకి అతిపెద్ద సరుకు బయల్దేరుతుంది, పదకొండు ఆస్పత్రులకి. అసలు పెట్టెలు తీసుకోవడానికి కెల్నర్ స్వయంగా వస్తాడు. ఆ ఒక్క పని ఎవరికీ అప్పజెప్పడు.

“అప్పటిదాకా ఒక్క మాట బయటికి పోకూడదు. ఏ ఒక్క ఆస్పత్రి ఈ మందు ఆపినా వాడికి తెలిసిపోతుంది. వాడు మాయమైతే ఇంకో పేరుతో, ఇంకో ఊళ్ళో మొదలుపెడతాడు. లోపల మన మనిషి ఒకామె ఉంది. సాయంత్రం నది ఒడ్డున కలువు. ఇదుంచుకో.”

కల్నల్ ఇచ్చింది సిగరెట్ పాకెట్టు. లోపల సిగరెట్లు లేవు. మూత తీసి సీసా గాజుకి ఆనిస్తే సన్నటి కాంతి లోపలికి పోయి మందుని చదువుతుంది. ఆకుపచ్చ దీపం వెలిగితే సరుకు నిజం. ఎరుపు వెలిగితే నీళ్ళు.

*

టైగ్రిస్ ఒడ్డున చాయ్ దుకాణంలో ఆమె అతనికంటే ముందే వచ్చి కూర్చుంది. మెడికల్ రిప్రజెంటేటివ్ షాహినాజ్. ఎర్ర కోటు, ఎత్తు మడమల చెప్పులు, నల్ల కళ్ళద్దాలు. ఆస్పత్రుల్లో పెద్ద డాక్టర్లు ఆమె వస్తోందంటే జుట్టు దువ్వుకుంటారని చెప్పుకుంటారు. పక్క బల్ల దగ్గర కూర్చుని రాఫిద్ గాల్లోకి అన్నట్టు అన్నాడు.

“బస్రా నిమ్మకాయ చాయ్‌లో చక్కెర ఎందుకు వేస్తారో నాకర్థం కాదు.”

“మా అత్తగారి వైపు వాళ్ళు ఉప్పు వేసుకుంటారు,” అంది ఆమె. తర్వాత గొంతు తగ్గించింది. “కూలర్లు బాగుచేసేవాళ్ళ గోళ్ళు ఇంత శుభ్రంగా ఉండవు మేజర్‌గారూ. రేపటికి కాస్త గ్రీజు పూసుకోండి.”

“సరుకు ఇప్పటికే ఎక్కడికైనా వెళ్ళిందా?”

ఆమె కళ్ళద్దాలు తీసింది. “ఒక్క చోటికి. మూడు వారాల కింద, మచ్చుకి. నది అవతల కంటైనర్ల ఆస్పత్రికి. నా చేత్తో నేనే ఇచ్చాను. అప్పటికి నాకు తెలీదు. తెలిసిన రోజే మీ కల్నల్ దగ్గరికొచ్చాను.”

చాయ్ గ్లాసు రాఫిద్ చేతిలోనే ఉండిపోయింది. బాంబులకి కూలిపోయిన ఆస్పత్రి స్థానంలో ఇనప కంటైనర్లు పేర్చి కట్టిన ఆస్పత్రి అది. అక్కడ పద్నాలుగో నంబరు మంచం మీద అతని తమ్ముడు సినాన్ ఉన్నాడు. వయసు ఇరవయ్యారు. రెండేళ్ళ కింద, యుద్ధం ముగిసిన వారానికి, అతను ఇంటికి తిరిగొచ్చి తలుపు తీస్తుంటే మందుపాతర పేలింది. కాలు నిలిచింది. పుండు మానడం, తిరగబెట్టడం, మళ్ళీ మానడం. ఇప్పుడు ఎముకలోకి దిగింది.

షాహినాజ్‌కి ఆ సంగతి తెలిసినట్టుంది. చేతిసంచీ లోంచి చిన్న డబ్బా తీసి బల్లకింద అతని మోకాలికి ఆనించింది.

“ఇందులో ఆరు అసలు సీసాలున్నాయి. రెండు రోజులకి సరిపోతాయి. తీసుకోండి.”

“లెక్క తెలిస్తే?”

“గురువారం పొద్దున నా శాంపిల్ పెట్టె కెల్నర్ చూస్తాడు. ఎప్పుడూ చూస్తాడు. తక్కువైతే నన్నడుగుతాడు. ఏదో ఒకటి చెప్పుకుంటాను.”

“నూరీ ఏం చెప్పుకున్నాడు?”

రాఫిద్ డబ్బాని మెల్లగా వెనక్కి తోశాడు. తొయ్యడానికి ఎంత సేపు పట్టిందో అతనికే తెలీదు. ఆమె చాయ్ మాత్రం పూర్తిగా చల్లారింది.

దారిలో కల్నల్‌కి ఫోన్ చేశాడు. “సార్, మా తమ్ముడి వార్డుకే వెళ్ళింది ఆ మందు.”

“నీకు ఆర్డర్ కావాలా, ఓదార్పు కావాలా?”

“ఆర్డరివ్వండి సార్. ఓదార్పుతో నేను ఆగలేను.”

“అయితే గురువారం దాకా నోరు మూసుకో మేజర్. ఇది ఆర్డర్.”

*

సోమవారం మధ్యాహ్నం వార్డులో పాత కూలర్ విప్పి, తిప్పి, మళ్ళీ బిగించి, రాఫిద్ తమ్ముడి మంచం పక్కన చేరాడు. చేతులకి గ్రీజు ఉంది.

“ఉద్యోగం ఊడిందా అన్నా?” అన్నాడు సినాన్. చూపు జ్వరంతో మెరుస్తోంది, ముఖం పసుపుపచ్చగా ఉంది. “పాస్‌పోర్ట్ ఆఫీసులో గుమాస్తా అన్నావు. ఇప్పుడు కూలర్లా?”

“పార్ట్ టైమ్.”

“మా కూలర్ నువ్వొచ్చాక ఇంకా వేడిగా కొడుతోంది. నీకు రెండో ఉద్యోగం కూడా నిలవదు.”

నర్సు ట్రేలో సీసా పెట్టి, సిరంజి తేవడానికి వెళ్ళింది. రాఫిద్ సిగరెట్ పాకెట్టు తీసి, మూత తెరిచి, సీసాకి ఆనించాడు. ఎర్ర దీపం. ఇంకోసారి ఆనించాడు. ఎర్ర దీపమే.

“వార్డులో సిగరెట్లేంటన్నా. డాక్టర్ విజ్దాన్ చూస్తే నిన్ను కూడా పక్క మంచం మీద పడుకోబెడుతుంది.”

రాఫిద్ పాకెట్టు జేబులో పెట్టుకున్నాడు. నర్సు వచ్చింది. ఆమె సీసా మందు కలిపి, గొట్టంలోకి ఎక్కించి, చుక్కలు లెక్కపెట్టుకుని, “ఇదే మనకున్న మంచి మందు నాయనా, ఓపిక పట్టు,” అని పోయింది. రాఫిద్ కూలర్ వైపు తిరిగి స్క్రూ డ్రైవర్ పట్టుకున్నాడు. ఆ కూలర్‌కి బిగించాల్సిన స్క్రూ ఒక్కటీ మిగల్లేదు. అయినా తిప్పుతూనే ఉన్నాడు.

మంగళవారం అలాగే. బుధవారం జ్వరం నూట నాలుగుకి పోయింది. తల్లి ఉమ్ రాఫిద్ తడిగుడ్డ వేస్తూ, “నీకు పై ఆఫీసర్లు తెలుసు కదరా. బయటినుంచి ఇంకేమైనా మంచి మందు తెప్పించకూడదూ?” అంది.

“గురువారం వస్తుందమ్మా.”

“బుధవారం రానిది గురువారం ఎలా వస్తుంది?”

రాఫిద్ తడిగుడ్డ అందుకుని పిండాడు. పదకొండు ఆస్పత్రులు. ఒక్కో దాంట్లో ఎన్ని మంచాలు, ఒక్కో మంచం పక్కన ఎందరు తల్లులు. మనసులో అదే లెక్క మళ్ళీ మళ్ళీ వేసుకున్నాడు. ఎన్నిసార్లు వేసినా ఈ మంచం ఆ మొత్తంలో కలవలేదు.

*

గురువారం పదకొండున్నరకి రాఫిద్ గోదాము కప్పుమీద ఒక పెద్ద రేకు కూలర్ ముందు గొంతుక్కూర్చున్నాడు. చెవిలో గింజంత రేడియో. కింద ముందు గేటు దగ్గర పదకొండు వ్యాన్లు వరసగా ఉన్నాయి. వెనక గేటు దగ్గర తిరపాలు కప్పిన అసలు పెట్టెలు. కెల్నర్ వెనక గేటుకి వస్తే షాహినాజ్ ఫోనులో ‘చక్కెర అయిపోయింది’ అంటుంది. అప్పుడు సందు చివర దాక్కున్న కల్నల్ మనుషులు దిగుతారు.

పన్నెండుకి పది నిమిషాలుండగా గోదాము మేనేజరు వాచీ చూసుకుని చేయి ఊపాడు. వ్యాన్ల ఇంజన్లు మొదలయ్యాయి.

“సార్, వ్యాన్లు ముందే కదులుతున్నాయి,” అన్నాడు రాఫిద్.

“కెల్నర్?”

“రాలేదు.”

“ఆపితే వాడు రాడు. ఆపకపోతే…”

మొదటి వ్యాను గేటు దాటబోతుండగా బయటినుంచి షాహినాజ్ కారు వచ్చి అడ్డంగా నిలబడింది. ఆమె దిగి, బానెట్ ఎత్తి, పొగ చూసి దగ్గింది.

“బాబూ, మీలో ఎవరికైనా కార్ల గురించి తెలుసా?”

పదకొండు మంది డ్రైవర్లకీ తెలుసు. పదకొండు మందీ దిగారు. ఒకడు బ్యాటరీ అన్నాడు, ఒకడు ప్లగ్గులన్నాడు, ఒకడు ఆమె చెప్పుల వంక చూస్తూ రేడియేటర్ అన్నాడు. మేనేజరు అరుస్తున్నాడు. అలా ఎనిమిది నిమిషాలు గడిచాయి.

వెనక సందులోంచి బూడిద రంగు కారు నిశ్శబ్దంగా వచ్చింది. పొట్టి మనిషి ఒకడు దిగి తిరపాలు ఎత్తి, పెట్టె మీద చెయ్యి వేశాడు. షాహినాజ్ ఫోను చెవికి పెట్టుకుంది.

“చక్కెర అయిపోయిందమ్మా. వచ్చేటప్పుడు తెస్తాను.”

ఆ మాట గోదాము మధ్య దారిలోంచి సూటిగా కెల్నర్‌కి వినిపించింది. అతను తల తిప్పి ఎర్ర కోటు వంక చూశాడు. ఆమె కారు వ్యాన్లకి అడ్డంగా ఎందుకు నిలిచిందో అప్పుడే తట్టినట్టుంది. కోటులోంచి పిస్తోలు తీసి కాల్చాడు. ఆమె బానెట్ పట్టుకుని కూలబడింది. కెల్నర్ కారెక్కాడు. కల్నల్ మనుషులు సందు చివరినుంచి పరుగెత్తుకొస్తున్నారు. ఇంకా చాలా దూరంలో ఉన్నారు.

రాఫిద్ కప్పుకి వీపు ఆనించి, రెండు కాళ్ళతో కూలర్‌ని తన్నాడు. మూడు మణుగుల రేకు, తడి గడ్డి, నీళ్ళు, అన్నీ కలిసి కప్పు అంచు దాటి కారు ముందు అద్దం మీద పడ్డాయి. కెల్నర్ తలుపు తీసుకుని బయటికి వచ్చేసరికి రాఫిద్ పైనుంచి దూకి అతని మీదే పడ్డాడు. సంకెళ్ళు వేస్తుంటే గడియారం పన్నెండు కొట్టింది.

కెల్నర్ నోట్లోని రక్తం ఉమ్మి నవ్వాడు. “నన్ను పట్టుకుని ఏం లాభం? మీ ఊళ్ళో నాకంటే ముందే సగం పని అయిపోయి ఉంది.”

అప్పుడు రాఫిద్‌కి ఆ మాట బెదిరింపులా తోచింది.

షాహినాజ్‌కి గుండు తొడలో దిగింది. స్ట్రెచర్ మీద ఎక్కిస్తుంటే అతని చెయ్యి పట్టుకుంది. “నన్ను ఎర్బిల్ ఆస్పత్రికి పంపండి మేజర్‌గారూ. గుండుకి నేను భయపడను. మీ వార్డులకి భయపడతాను. నేనే కదా ఆ మందిచ్చింది.”

*

మధ్యాహ్నం రెండింటికి మొదటి అసలు పెట్టె రాఫిద్ ఒళ్ళో ఉంది. వార్డులో సీసాకి పాకెట్టు ఆనించాడు. ఆకుపచ్చ. తల్లి ఆ సీసాని కళ్ళకద్దుకుంది. “గురువారం అన్నావు, గురువారమే తెచ్చావు,” అంది.

గురువారం పోయింది. శుక్రవారం జ్వరం దిగలేదు. శనివారం పొద్దున డాక్టర్ విజ్దాన్ అతన్ని ల్యాబ్ కంటైనర్‌లోకి పిలిచింది. యాభై దాటిన మనిషి, నిద్ర లేక కళ్ళకింద నల్లటి చారలు. రెండు గాజు పళ్ళేలు చూపించింది. మొదటిదాని మీద తెల్లటి మందు బిళ్ళలు, ఒక్కో బిళ్ళ చుట్టూ క్రిములు అంచుదాకా పచ్చికలా పెరిగి ఉన్నాయి. పక్కనున్న రెండోదాంట్లో వరసగా చిన్న గుంటలు. అన్నిట్లోనూ కొలిస్టినే, ఒకదాన్ని మించి ఒకటి గాఢంగా. అన్నీ మబ్బుగానే ఉన్నాయి.

“మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఖాళీ వలయం రావాలి, గుంటలో నీళ్ళు తేటగా ఉండాలి,” అంది. “ఒక్కటీ లేదు. మీరు తెచ్చింది నిఖార్సయిన మందే. దీనికి అది లెక్కలేదు.”

“ఆదివారం నుంచి ఆ ఐదు రోజులు… నీళ్ళ మందు ఎక్కినందుకా?”

“దాని వాటా దానికుంది. ఎంతో నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. కానీ మేజర్, మీ తమ్ముడు ఈ వార్డుకి వచ్చిన రోజు తీసిన నమూనా ఇదిగో. అప్పటికే పది మందులకి లొంగలేదు. ఇది ఒక్క నెలలో వచ్చిన బలం కాదు. రెండేళ్ళుగా జ్వరం వచ్చినప్పుడల్లా ఏం ఇచ్చేవాళ్ళు?”

రాఫిద్‌కి వంటింట్లో బిస్కట్ల డబ్బా గుర్తొచ్చింది. సందు చివర మందుల షాపులో అడిగితే చాలు, చీటీ అక్కర్లేదు. తల్లి రెండు రోజులు వేసి, జ్వరం తగ్గగానే మిగిలినవి డబ్బాలో దాచేది. మళ్ళీ వస్తే రంగు చూసి వేసేది. పక్కింటి పిల్లకి దగ్గొస్తే అందులోంచే. రాఫిద్‌కి జలుబు చేస్తే అందులోంచే. యుద్ధం ముగిసిన కొత్తలో ఏ మందు దొరికితే అది, సగం సగం, రాఫిద్ తనే తెచ్చి ఇచ్చాడు. తెచ్చిన ప్రతిసారీ తమ్ముణ్ణి కాపాడుకున్నాననే అనుకున్నాడు.

ఆ డబ్బా సంగతి చెప్పి, “ఒకణ్ణి పట్టుకున్నాను డాక్టర్,” అన్నాడు. “మిగతావాళ్ళని ఎక్కడ వెతకను?”

“నన్ను కూడా రాసుకోండి,” అంది ఆమె, పళ్ళెం మూత పెడుతూ. “ల్యాబ్ కాలిపోయిన ఏడాదంతా పరీక్షే లేకుండా గుడ్డిగా మందులు రాశాను. చేతులు కడుక్కోవడానికి నీళ్ళు లేని వార్డులో ఒక మంచం నుంచి ఇంకో మంచానికి తిరిగాను. రాయకపోతే ఆ పూటే చచ్చిపోయేవాళ్ళు. రాస్తే ఇదిగో, ఇలా.”

*

ఆ సాయంత్రం తల్లి నమాజుకి వెళ్ళినప్పుడు రాఫిద్ తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు.

“సినాన్, నీకో సంగతి చెప్పాలి. ఆ మందు నీళ్ళని నాకు తెలుసురా. ఆదివారం నుంచీ తెలుసు.”

సినాన్ పెదాలు తడుపుకున్నాడు. “నాకూ తెలుసు. సోమవారం నువ్వు ఆ పాకెట్టు సీసాకి పెట్టి చూసి, ఆ తర్వాత నా మొహం చూడలేదు. ఎప్పుడూ అలా చెయ్యవు.” కాసేపు ఊపిరి తీసుకున్నాడు. “ఎందుకోసం?”

“పదకొండు ఆస్పత్రుల కోసం.”

“దొరికాడా?”

“దొరికాడు.”

“మరి ఏడుస్తావేం. పాస్‌పోర్ట్ గుమాస్తావి, కాస్త గంభీరంగా ఉండు.” అతను కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకుంటే మళ్ళీ అన్నాడు. “డాక్టరమ్మ నాకూ చెప్పింది, డబ్బా సంగతి. అమ్మకి చెప్పకండి. నీదీ చెప్పకు, డబ్బాదీ చెప్పకు. నేనే తలుపు సరిగ్గా తియ్యలేదని చెప్పు.”

“ఎవరూ తలుపు సరిగ్గా తియ్యలేరురా, వెనక మందుపాతర ఉంటే.”

“ఏమో. నువ్వయితే తీసేవాడివి.”

ఆదివారం పొద్దున ఏడింటికి, నర్సులు మారే వేళ, సినాన్ పోయాడు. పక్క రెండు మంచాల మీదికీ అదే క్రిమి పాకిందని మధ్యాహ్నం తెలిసింది. ఆ మంచాల పక్కన వేరే తల్లులు తడిగుడ్డలు పిండుతున్నారు.

ఇంటి ముందు మూడు రోజులు గుడారం వేశారు. వచ్చినవాళ్ళకి చేదు కాఫీ పోశారు. మూడో రోజు అందరూ వెళ్ళాక తల్లి వంటింటి గడపలో కూర్చుని, బిస్కట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, రంగురంగుల మాత్రలని సర్దుతోంది.

“రెండేళ్ళు కంట్లో వత్తులేసుకుని చూశానురా. ఒళ్ళు వెచ్చబడితే చాలు, మందిచ్చాను. ఒక్కనాడూ లోటు చెయ్యలేదు కదా?”

రాఫిద్ ఎన్నో అబద్ధాలు చెప్పిన మనిషి. ఐదు పేర్లతో, మూడు యాసల్లో, ముఖం మీదికి తుపాకీ పెట్టినా గొంతు వణక్కుండా చెప్పాడు.

“లేదమ్మా,” అన్నాడు. “ఒక్కనాడూ లోటు చెయ్యలేదు.” ఈసారి గొంతు వణికింది. తల్లి దాన్ని దుఃఖమే అనుకుంది.

*

వారం తర్వాత సెక్షన్ సెవెన్ వెనక గదిలో కేసు కాగితాలు కట్టకట్టారు. కెల్నర్ అన్నీ ఒప్పుకున్నాడు. షాహినాజ్ ఎర్బిల్‌లో కర్ర పట్టుకుని నడుస్తోంది. బాగ్దాద్ నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. కల్నల్ హికమత్ దాన్ని చదువుతూ రెండుసార్లు తుమ్మి, ముక్కు తుడుచుకున్నాడు.

“నిన్నటి నుంచీ ఒకటే జలుబు. డ్రైవర్ని పంపి ఇవి తెప్పించాను.” సొరుగులోంచి ఎర్రా నల్లా క్యాప్సూళ్ళ స్ట్రిప్పు తీసి, రెండు నీళ్ళతో మింగాడు. “సాయంత్రానికి తగ్గిపోతుంది. నీ గొంతు కూడా బావున్నట్టు లేదు మేజర్. మిగతావి నువ్వు తీసుకో.”

రాఫిద్ ఆ స్ట్రిప్పు అందుకున్నాడు. మందు పేరు చదివాడు. యాంటీబయాటిక్. తర్వాత బల్లమీంచి సాక్ష్యాల కవరు ఒకటి తీసి, స్ట్రిప్పు అందులో వేసి, అంటించి, లక్క ముద్ర వేసి, సంతకం కోసం కల్నల్ ముందుకి జరిపాడు.

కల్నల్ కవరు వంక, అతని వంక చూశాడు. “ఏంటిది? ముద్దాయి పేరు దగ్గర ఖాళీ వదిలేశావు.”

“రాద్దామనే చూశాను సార్,” అన్నాడు రాఫిద్. “మా ఇంటి దగ్గర మొదలుపెడితే, మీ దగ్గరికి వచ్చేసరికి గీత మీద చోటు అయిపోయింది.”